బోధికి దగ్గరి దారి అడిగేవారికి

బౌద్ధం మీద ఆసక్తి ఉన్నవారు నలుగురు కలిస్తే మాట తిరిగి తిరిగి ఒకచోటికే వస్తుంది. విపస్సన మేలా, జెన్ మేలా, టిబెట్ లామాలు చెప్పేది మేలా? ఇంకాస్త కదిలిస్తే లోపలున్న అసలు ప్రశ్న బయటపడుతుంది: వీటిలో ఏది తొందరగా బోధికి, అంటే జ్ఞానోదయానికి, చేరుస్తుంది? అడిగేవారు మంచివారే, చదువుకున్నవారే. అయినా ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. నోరు తెరవకముందే వారు ఒక సంగతి ఖాయం చేసుకుని ఉంటారు. కళ్లు మూసుకుని కూర్చుంటే వచ్చేదే బోధి, కనుక బౌద్ధ మార్గాల మధ్య తేడా అంటే కూర్చునే పద్ధతుల మధ్య తేడా అని. ఊపిరిని ముక్కుపుటాల దగ్గర గమనించాలా, పొట్ట ఎగసిపడే చోట గమనించాలా? గోడకు ముఖం పెట్టి కూర్చోవాలా, మనసులో ఒక దేవతారూపాన్ని నిలుపుకోవాలా? ఇక తేలవలసింది వేగం ఒక్కటే అన్నమాట.

బౌద్ధంలో దారుల గురించి జరగని గొడవ లేదు. రాజుల ముందు వాదించుకున్నారు, గ్రంథాల్లో తిట్టుకున్నారు, ఒకరి మార్గాన్ని ఒకరు హీనమన్నారు. అన్ని దారులూ ఒక్కటే అని భుజం తట్టి సర్దిచెప్పే రకం సంప్రదాయం కాదిది. కానీ పైన చెప్పిన లెక్కను మాత్రం ఈ వాదులాడుకున్నవారిలో ఎవరూ ఒప్పుకోరు. వారు విడిపోయింది చూపు దగ్గర. నడత దగ్గర ఆశ్చర్యం కలిగేంత దగ్గరగా ఉన్నారు. ఈ కాలంలో మనం పద్ధతులు ఏరుకుంటూ వదిలేసింది సరిగ్గా ఆ నడతనే. నా ఫిర్యాదు అదే.

అందరికీ తెలిసిన అష్టాంగ మార్గమే చూడండి. ఎనిమిదింటిలో సమ్యక్ వాక్కు, సమ్యక్ కర్మ, సమ్యక్ ఆజీవం (జీవనోపాధి) అనే మూడు పూర్తిగా నడతకు సంబంధించినవి. మనం ధ్యానమని పిలిచేది చివరి మూడింటిలో, అంటే వ్యాయామం, స్మృతి, సమాధిలో, వస్తుంది. ఇవాళ లోకమంతా తిరుగుతున్నది ఏడో అంగమైన స్మృతి (మైండ్‌ఫుల్‌నెస్) ఒక్కటే. ఆజీవం గురించి ఎవరైనా శిబిరం పెట్టారా? బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో ఉపాసకుడు (గృహస్థు అనుయాయి) చేయకూడని వ్యాపారాలు అయిదున్నాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఈ జాబితాను నేటి ఉద్యోగాలకు కొంచెం సాగదీసి చూస్తే చాలామందికి నిద్ర పట్టదు. మనుషుల కళ్లను తెరకు అతికించి ఉంచడమే వ్యాపారమైన సంస్థ తన ఉద్యోగులకు మధ్యాహ్నం పూట ధ్యానం తరగతి పెడుతుంది. అందరూ ప్రశాంతంగా ఊపిరి గమనించి, లేచి వెళ్లి మళ్లీ అదే పనిలో కూర్చుంటారు. ఏడో అంగం అయిదో అంగం ముఖం చూడకుండా ఎన్నాళ్లయినా నడిచిపోతుంది.

బుద్ధుడు తన కొడుకుకు ఏం నేర్పాడన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మరో సంకలనమైన మజ్ఝిమ నికాయంలో ఆ ఘట్టం ఉంది. రాహులుడు అంబలట్ఠికలో ఉంటున్నాడు. అప్పటికి అతనికి ఏడేళ్లని దాని పాత వ్యాఖ్యానమైన అట్ఠకథ అంటుంది. తండ్రి రావడం దూరం నుంచే చూసి ఆసనం వేశాడు, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పెట్టాడు. బుద్ధుడు కాళ్లు కడుక్కుని పాత్రలో కాసిని నీళ్లు మిగిల్చాడు. ఈ కాసిని నీళ్లు కనిపిస్తున్నాయా రాహులా, తెలిసి తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో శ్రమణత్వం (సన్యాసి గుణం) ఇంతే ఉంటుంది అన్నాడు. ఆ నీళ్లు పారబోశాడు: వాడు తన శ్రమణత్వాన్ని ఇలాగే పారబోసుకుంటాడు. పాత్రను బోర్లించాడు: ఇలాగే తలకిందులవుతుంది. మళ్లీ తిప్పి చూపించాడు: ఇలాగే ఖాళీగా ఉంటుంది. తరువాత అద్దం దేనికి అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు పిల్లవాడు. అయితే ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక అలాగే చూసుకో అన్నాడు. ఇది నాకు గాని ఇతరులకు గాని బాధ కలిగిస్తుందా అని. కలిగించిందని తేలితే గురువు దగ్గరో తెలివైన తోటివారి దగ్గరో బయటపెట్టుకో అని కూడా అన్నాడు.

ఆ పిల్లవాడికి ఊపిరి గమనించే ధ్యానం తరువాత మరో సుత్తంలో, అంటే మరో ఉపదేశంలో, చెబుతాడు. మొదటి పాఠం మాత్రం నీళ్ల పాత్రే. దీన్ని చిన్నపిల్లలకు చెప్పే నీతి అని పక్కన పెట్టేవారు ఉన్నారు. వారు అంగుత్తర నికాయంలో బుద్ధుడి శిష్యుడు ఆనందుడు అడిగిన ప్రశ్న చూడాలి. మంచి శీలం వల్ల ప్రయోజనం ఏమిటి భంతే అని ఆయన సూటిగా అడుగుతాడు. స్వర్గమని గాని, పుణ్యమని గాని జవాబు రాలేదు. పశ్చాత్తాపం లేకపోవడం అన్నాడు బుద్ధుడు. పశ్చాత్తాపం లేకపోతే ఏం వస్తుంది? సంతోషం. సంతోషం వల్ల ప్రీతి, ప్రీతి వల్ల శరీరం నెమ్మదించడం, దానివల్ల సుఖం, సుఖం వల్ల సమాధి, సమాధి వల్ల ఉన్నది ఉన్నట్టు తెలియడం, అక్కడి నుంచి విముక్తి. పక్కనే ఉన్న మరో సుత్తంలో ఇంకో మాట ఉంది: శీలవంతుడు నాకు పశ్చాత్తాపం కలగకూడదు అని సంకల్పించుకోనక్కర్లేదు, అది దాని స్వభావంగానే కలగదు. అక్కడి నుంచి ప్రతి మెట్టూ అంతే, తర్వాతి మెట్టును ఎవరూ లాక్కుని తెచ్చుకోనక్కర్లేదు.

ఇందులో ఉపదేశం కన్నా మనసు పనిచేసే తీరు గురించిన పరిశీలన ఎక్కువ. ఎవరైనా తమ మీద వేసుకుని చూడవచ్చు. సమ్యక్ వాక్కుకు నాలుగు అడ్డంకులు చెబుతారు: అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పోసుకోలు కబుర్లు. కొంతకాలం ఈ నాలుగింటి మీదే కన్నేసి ఉంచాను. అబద్ధం పెద్ద కష్టం కాలేదు, పరుషమైన మాట కూడా కోపం తగ్గాక తెలిసిపోయేది. నన్ను పట్టి పల్లార్చింది చాడీ. అది చాడీలా రాదు. ఎదుటివాడి మేలు కోరే మాటలా వస్తుంది, నిజం చెబుతున్నాననే ధైర్యంతో వస్తుంది. పనిచేసే చోట ఒకరి గురించి ఇంకొకరితో, అతను పనిమంతుడే కానీ, అని మొదలుపెట్టి నేనన్న నాలుగు మాటలు, ఆ రాత్రి కూర్చుంటే ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఊపిరి దగ్గర మనసు నిలవలేదు. వాదించుకుంటోంది, నేనన్నది తప్పేమీ కాదని సాక్ష్యాలు కూడగడుతోంది. మాట పెదవి దాటకుండా ఆపుకున్న రోజున ఆ సందడి లేదు. ఏకాగ్రత కుదరడం లేదని కొత్త పద్ధతి కోసం వెతికేవారు ముందు ఆ రోజు తమ నోటి నుంచి వెళ్లిన మాటల్ని వెతికితే ఎక్కువ లాభమని నేననుకుంటాను.

ఇక్కడ శ్రద్ధగల పాఠకుడు నన్ను ఆపవచ్చు. పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాద శాఖ సాధనకు ప్రామాణిక గ్రంథం, 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలోని అనురాధపురంలో రాసిన విసుద్ధిమగ్గం. అందులో 23 అధ్యాయాలు. శీలానికీ, దాన్ని బిగించే ధుతాంగ వ్రతాలకూ కలిపి దక్కినవి మొదటి రెండు. మిగిలిన 21 సమాధికీ ప్రజ్ఞకూ వెళ్లాయి. మరి శీలం అంత ముఖ్యమైతే ఈ పంపకం ఏమిటి? జవాబు సులభం. శీలం కోసం త్రిపిటకాల్లో ఒక పిటకమే ఉంది. దాని పేరు వినయం, అంటే సంఘ నియమావళి. పాళీ వినయంలో భిక్షువులకు 227 నియమాలు, భిక్షుణులకు 311. బుద్ధఘోషుడు రాస్తున్నది వాటిని రోజూ పాటిస్తున్నవారికి. ఆ గ్రంథాన్ని మూడో అధ్యాయం దగ్గర తెరిచి చదవడం మన అలవాటు. దాని మొదటి శ్లోకం మాత్రం శీలం మీద నిలబడిన మనిషి చిత్తాన్నీ ప్రజ్ఞనూ పెంచుకుంటూ చిక్కుముడి విప్పుతాడు అనే మొదలవుతుంది.

శీలమే గమ్యం అని మాత్రం నేననడం లేదు. ఆ మాట అంటే ఇంకో గోతిలో పడతాం. స్రోతాపన్నుడు, అంటే మార్గప్రవాహంలో మొదటి అడుగు వేసినవాడు, తెంచుకునే మూడు సంకెళ్లలో వ్రతాలనూ నియమాలనూ పట్టుకుని వేలాడటం ఒకటి. బుద్ధఘోషుడు తన గ్రంథాన్ని మలచుకున్నది రథవినీత సుత్తం మీద. సావత్థిలో ఉన్న పసేనది రాజు సాకేతానికి అత్యవసరంగా వెళ్లాలి. దారిలో ఏడు రథాలు సిద్ధంగా ఉంచారు. ఒకదాని మీద ఎక్కి, రెండోదాని దగ్గర దిగి, దాన్ని వదిలేసి ఇంకోదాన్ని ఎక్కుతూ చేరాడు. నువ్వు ఈ మొదటి రథం మీదే సాకేతం వచ్చావా అంటే రాజు కాదనే అనాలి. శీలశుద్ధి చిత్తశుద్ధి వరకే అని, బుద్ధుడి శిష్యుల్లో సారిపుత్తుడితో పున్నుడు చెప్పిన మాట ఇది. మనలో చాలామంది ఏడో రథం ఏ రంగుదో వాదించుకుంటున్నారు. మొదటి రథం సావత్థి కోట గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

నా వాదానికి అడ్డంగా నిలిచే కథలు కూడా సుత్తాల్లోనే ఉన్నాయి, వాటిని దాచడం మర్యాద కాదు. శాక్యుడైన సరకాని చనిపోతే బుద్ధుడు అతన్ని స్రోతాపన్నుడన్నాడు. కపిలవస్తులో జనం గోల పెట్టారు. తాగేవాడు కదా, అతనే స్రోతాపన్నుడైతే ఇక కానివాడెవడు అని. బుద్ధుడు తగ్గలేదు. సుభాషితమేదో దుర్భాషితమేదో తెలుసుకోగలిగితే ఈ సాలవృక్షాలను కూడా స్రోతాపన్నులంటాను, సరకానిని అనడంలో వింతేముంది అన్నాడు. చివరన ఒక మాట చేర్చాడు: మరణకాలంలో సరకాని శిక్షను, అంటే సాధనా నియమాలను, స్వీకరించాడు. కథ ఎటు తిప్పి చదివినా, తాగుబోతు నేరుగా గట్టెక్కాడని మాత్రం అందులో లేదు. నడతలో ఎంత వెనకబడినవాడికైనా తలుపు చివరిదాకా తెరిచే ఉంటుందని ఉంది. ఆ రెంటికీ చాలా దూరం.

వేగాన్ని ప్రేమించేవారి అభిమాన వీరుడు బాహియుడు. నారబట్టలు కట్టిన ఆ తాపసి సుప్పారకం నుంచి పరుగున వచ్చి, సావత్థి వీధిలో భిక్షకు వెళ్తున్న బుద్ధుణ్ణి నిలబెట్టి ఉపదేశం అడిగాడు. ఇది సమయం కాదని రెండుసార్లు కాదన్నాక మూడోసారి చెప్పాడు: చూసినదానిలో చూసినది మాత్రమే, విన్నదానిలో విన్నది మాత్రమే ఉండనీ. అక్కడికక్కడే విముక్తి. కాసేపటికే దూడతో ఉన్న ఆవు పొడిచి బాహియుడు చనిపోయాడు. స్మృతి సాధనను బోధించే సతిపట్ఠాన సుత్తం చివర, ఫలితానికి ఏడేళ్లతో మొదలై ఏడు రోజుల వరకు దిగే గడువును కూడా ఇలాగే ఉటంకిస్తారు. ఆ ఏడు రోజుల మాట ఎవరితో అన్నాడో మాత్రం ఉటంకించరు. భిక్షువులతో అన్నాడు. వినయంలో బతుకుతున్నవారితో. బాహియుడైనా దుకాణం కట్టేసి దారినపోతూ అడిగినవాడు కాడు, అప్పటికే సర్వమూ వదిలిన తాపసి.

తొలి భిక్షుణుల పాటల సంకలనమైన థేరీగాథలోని పటాచార పాట నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే అందులో రెండు వైపులా ఉన్నాయి. పొలం దున్ని విత్తనాలు చల్లి ఆలుబిడ్డల్ని పోషించుకుంటూ మనుషులు సంపద పొందుతున్నారు, శీలం ఉన్నదాన్ని, శాస్త (బుద్ధుడు) చెప్పినట్టు చేసేదాన్ని, సోమరిని కాను, గర్వం లేదు, నాకెందుకు నిర్వాణం దొరకడం లేదు అని ఆమె ఉక్రోషపడుతుంది. ఆ తరువాత జరిగింది చాలా మామూలు. కాళ్లు కడుక్కుంటూ, నీళ్లు మిట్ట నుంచి పల్లానికి పారడం చూసింది. జాతిగుర్రాన్ని అదుపు చేసినట్టు చిత్తం కుదురుకుంది. దీపం తీసుకుని గదిలోకి వెళ్లింది, పడక చూసుకుని కూర్చుంది, సూదితో వత్తిని లోపలికి లాగింది. దీపం ఆరడంతో పాటే మనసు విడుదలైంది. ఇందులో పద్ధతి పేరేమిటి? ఎన్ని నిమిషాలు కూర్చోవడం? శీలం ఒక్కదానితో ఆమెకు పని జరగలేదు, నిజమే. కానీ నీళ్లు పారడం అందరూ చూస్తారు. చూసి కుదురుకోగల మనసును ఆమె ఏళ్లుగా సిద్ధం చేసుకుంది. ఆ సిద్ధం చేసుకోవడం గురించి పాటలో ఒక్క పాదమే ఉంది. మనం ఆ పాదం దాటేసి దీపం దగ్గరికి పరిగెత్తుతాం.

ఇంతవరకూ పాళీ గ్రంథాలే చెప్పాను. ఇవన్నీ హీనయానం సంగతులు, మహాయానం వేరు అనేవారికి 7వ శతాబ్దం చివర భారతదేశమూ దక్షిణ సముద్ర ద్వీపాలూ తిరిగిన చీనా భిక్షువు ఇత్సింగ్ సమాధానం చెబుతాడు. మహాయానం వారూ హీనయానం వారూ పాటించే వినయం ఒకటేనంటాడు. బోధిసత్వులను పూజించి మహాయాన సూత్రాలు చదివేవారు మహాయానులు, మిగిలినవారు కారు, అంతే తేడా. అంతకు కొన్ని శతాబ్దాల ముందు, ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ లోయలో బహుశ్రుతీయులకు, మహీశాసకులకు, అపరమహావినశైలీయులకు అని వేర్వేరు శాఖలవారికి, సింహళ భిక్షువులకు వేర్వేరు విహారాలుండేవి. కొన్నింటిలో బుద్ధవిగ్రహానికి చోటుంది, కొన్నింటిలో లేదు. విగ్రహం దగ్గర కుదరని రాజీ నడత దగ్గర అవసరమే పడలేదు. నేటికీ భిక్షుసంఘాల్లో నడుస్తున్నవి మూడు వినయాలు: శ్రీలంక, బర్మా, థాయిలాండ్‌లలో థేరవాదులది, చైనా, కొరియా, వియత్నాంలలో ధర్మగుప్తకులది, టిబెట్‌లో మూలసర్వాస్తివాదులది. మూడూ ప్రాచీన శాఖలవే. మహాయానం తన సొంత సూత్రాలు రాసుకుంది, సొంత తత్వం కట్టుకుంది, భిక్షువును తయారుచేసే పద్ధతికి మాత్రం పాత ఇంటికే వెళ్లింది. జపాన్ మినహాయింపు. అక్కడ సైచో అనే గురువు కోరిన మేరకు బోధిసత్వ శీలాలతోనే దీక్ష ఇవ్వడానికి 822లో అనుమతి వచ్చింది. 1872లో ప్రభుత్వం భిక్షువుల పెళ్లికీ మాంసాహారానికీ అడ్డు తొలగించింది.

వేగం గురించి ముఖాముఖి వాదం జరిగిన చోటు టిబెట్‌లోని సామ్యే విహారం. 8వ శతాబ్దం చివర, ఠిసోంగ్ దేచెన్ రాజు ముందు. ఒకవైపు చీనా గురువు హషాంగ్ మొహెయెన్, రెండోవైపు భారతీయ ఆచార్యుడు శాంతరక్షితుడి శిష్యుడు కమలశీలుడు. టిబెట్ కథనంలో మొహెయెన్ వాదం ఇలా ఉంటుంది: తెల్లమబ్బయినా నల్లమబ్బయినా సూర్యుణ్ణి కప్పేదే, మంచి పనీ చెడ్డ పనీ రెండూ సంసారంలో కట్టేసేవే, కనుక ఏ తలపూ లేకుండా ఉంటే చాలు. వినడానికి ఎంత బాగుందో. కమలశీలుడి వాదం దీని ముందు గుమాస్తా లెక్కలా ఉంటుంది: దానం, శీలం, క్షాంతి లేకుండా ప్రజ్ఞ నిలవదు, పరిశీలన లేని తలపులేమి మూర్ఛపోయినవాడికీ ఉంటుంది. ఎవరు గెలిచారన్నదానికి కూడా ఏకాభిప్రాయం లేదు. టిబెట్ చరిత్రలు కమలశీలుడు గెలిచాడంటాయి, చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన చీనా పత్రం మొహెయెన్ మాటే నెగ్గిందంటుంది. నేను గుమాస్తా పక్షం. మంచి పని కూడా మబ్బే అనడానికి ముందు నల్లమబ్బులైనా తొలగి ఉండాలి. అవి తొలగనివాడి నోట ఆ మాట వట్టి సాకు.

ఆకస్మిక బోధిని జెండాలా ఎత్తిన చాన్ సంప్రదాయం, అంటే చైనాలోని జెన్, మాత్రం ఏం చేసింది? షెన్షియు మనసును అద్దమని, రోజూ దుమ్ము తుడవాలని రాస్తే, అసలు ఏ వస్తువూ లేనప్పుడు దుమ్ము ఎక్కడ వాలుతుందని హుయినెంగ్ రాశాడన్న కథ అందరికీ తెలుసు. ఈ పోటీ తరువాతి వారు అల్లిన కథ అని చరిత్రకారులు చాలావరకు అంగీకరిస్తారు. దీని వెనుక 732లో హుయినెంగ్ శిష్యుడు షెన్‌హుయి, షెన్షియు పక్షమైన ఉత్తర శాఖ మీద బహిరంగంగా చేసిన దాడి ఉంది. గొడవ సంగతి అలా ఉంచితే, హుయినెంగ్ పేరిట వచ్చిన వేదికా సూత్రంలో నడిబొడ్డున ఉన్నది శీలాలు ఇచ్చే తంతు. నిరాకార శీలాలు అంటారు, కానీ శీలాలే. పైగా అందులో హుయినెంగ్ మఠానికి వచ్చాక ఎనిమిది నెలలు వడ్లు దంచుతూ గడుపుతాడు. వడ్ల పొట్టును ఎవరూ ఉటంకించరు.

మఠం చాకిరీ మాట వచ్చింది కనుక జెన్ గురువు డోగెన్ దగ్గర ఆగాలి. జపాన్‌లో యువభిక్షువుగా ఆయన్ను వేధించిన ప్రశ్న గట్టిది: అందరిలోనూ బుద్ధస్వభావం ఉంటే బుద్ధులు సాధన చేయడం ఎందుకు? 1223లో చైనా వెళ్లాడు. ఓడ రేవులోనే ఉండగా ఒక ముసలి భిక్షువు పుట్టగొడుగులు కొనడానికి వచ్చాడు. వయసు 61, అశోక పర్వతంపై ఉన్న మఠంలో వంటపెద్ద. మర్నాటి వంటకం కోసం అంత దూరం నడిచి వచ్చాడు. డోగెన్ ఉండమన్నాడు, ధర్మం గురించి మాట్లాడుకుందామన్నాడు. కుదరదు, వంట చూడాలి అన్నాడు ముసలాయన. అంత పెద్ద మఠంలో వండేవారే లేరా, ఈ వయసులో ధ్యానం చేసుకోకుండా, పూర్వుల మాటలు చదువుకోకుండా ఈ చాకిరీ ఎందుకు అని డోగెన్ అడిగాడు. ముసలాయన పెద్దగా నవ్వాడు. పరదేశపు మిత్రమా, సాధన అంటే ఏమిటో నీకు ఇంకా తెలియదు అన్నాడు. మనలో ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్నే డోగెన్ ఆ రేవులో అడిగాడు. తిరిగివచ్చాక 1237లో వంటపెద్ద విధుల మీద ఒక గ్రంథమే రాశాడు. బియ్యం కడిగేటప్పుడు ఇసుక ఏరడం దగ్గర నుంచి, దొరికిన ఆకుకూర ముతకదైనా చిన్నచూపు చూడకపోవడం దాకా అందులో ఉన్నాయి. సాధనా బోధీ వేర్వేరు కావన్న ఆయన సిద్ధాంతానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

టిబెట్ తాంత్రిక మార్గమైన వజ్రయానం ఒక్క జన్మలోనే బుద్ధత్వం అంటుంది కదా అంటారు. అంటుంది. ఆ వేగమార్గంలోకి అడుగుపెట్టాలంటే ముందు లక్ష సాష్టాంగాలు, లక్ష మంత్రాలు, లక్ష మండల సమర్పణలు. సమయవ్రతాలు (దీక్షలో చేసే ప్రతిజ్ఞలు) సరేసరి. మంత్రప్రయోగంతో మనుషుల్ని చంపిన టిబెట్ యోగి మిలరేపా చేత గురువు మార్పా రాళ్లు మోయించి బురుజులు కట్టించాడు, పడగొట్టించాడు, మళ్లీ కట్టించాడు. ఉపదేశం ఆ తరువాతే.

నా వాదానికి నిజమైన సవాలు జపాన్ గురువు షిన్రాన్ ఒక్కడి నుంచే వస్తుంది. మఠాలున్న హియె కొండ మీద 20 ఏళ్లు సాధన చేసి, నా వల్ల కాదని దిగివచ్చాడు. హోనెన్ అనే గురువుకు శిష్యుడై, అమితాభ బుద్ధుడి నామం ఒక్కటే పట్టుకున్నాడు. 1207లో ప్రభుత్వం గురుశిష్యులిద్దరినీ రాజధాని నుంచి దూరప్రాంతాలకు వెళ్లగొట్టింది. షిన్రాన్ పెళ్లి చేసుకున్నాడు, నేను భిక్షువునీ కాను గృహస్థునీ కాను అన్నాడు. మంచివాడు కూడా సుఖావతికి, అంటే అమితాభుడి లోకానికి, చేరితే ఇక చెడ్డవాడి సంగతి చెప్పాలా అన్న తలకిందుల మాట ఆయన శిష్యులు నమోదు చేసిందే. శీలం పాటించగల శక్తి మనిషికి ఉందన్న నా మొదటి మెట్టునే ఆయన లాగేస్తున్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఒకటి గమనించాను. ఆయన మాట పట్టుకుని ఇష్టం వచ్చినట్టు తిరిగినవారు ఆ కాలంలోనే బయలుదేరారు. విరుగుడు ఉంది కదా అని విషం మీద మోజు పడకండి అని ఆయన వారికి రాశాడు. పైగా నా వల్ల కాదు అనే హక్కు 20 ఏళ్లు ఆ తూకంలో నిలబడినవాడికి వస్తుంది. తూకం ఎక్కనివాడు అదే మాట అంటే దాని అర్థం వేరు. హియె కొండ ఎక్కకుండానే షిన్రాన్ వాక్యాలు వాడుకునేవారిని నేను చాలామందిని చూశాను.

మరి ధ్యానం ఒక్కటే బౌద్ధమైపోవడం ఎప్పుడు జరిగింది? చాలా ఇటీవల. 1885లో ఆంగ్లేయులు మాండలే పట్టుకుని బర్మా రాజును దేశం దాటించాక, అండ లేని శాసనాన్ని, అంటే బుద్ధధర్మాన్ని, నిలబెట్టాలంటే గృహస్థులకే అభిధమ్మం (బౌద్ధ తత్వవిశ్లేషణ), ధ్యానం నేర్పాలని కంకణం కట్టుకున్నవారిలో లెడీ సయాడో అనే భిక్షువు ముఖ్యుడు. ఆ పరంపరలో ఒక గృహస్థు గురువు, ఆ వెనుక బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఉ బా ఖిన్, ఆయన శిష్యుడు గోయెంకా. గోయెంకా 1969లో భారతదేశంలో నేర్పడం మొదలుపెట్టారు. 1979లో అమెరికాలోని మాసచూసెట్స్ వైద్యకళాశాలలో జాన్ కబట్ జిన్ స్మృతి సాధనను దీర్ఘకాలిక నొప్పులున్న రోగులకు ఉపయోగపడేలా మలిచారు. వీరిలో ఎవరినీ నేను తప్పుపట్టను. నొప్పి తగ్గడం చిన్న సంగతి కాదు. గోయెంకా పద్ధతి పది రోజుల శిబిరం కూడా పంచశీల స్వీకరించడంతోనే మొదలవుతుంది. నిర్వాహకులకు క్రమం తెలుసు. తెలిసే మౌనం పెట్టారు. మౌనంలో అబద్ధమాడే వీలుండదు, చాడీ చెప్పే వీలుండదు. వంట ఎవరో వండుతారు, సంపాదన ఊసు లేదు. అంటే శీలాన్ని ఆ ప్రాంగణమే మన తరఫున పాటిస్తుంది. నేను కూర్చున్న శిబిరంలో చివరిరోజు మౌనం విడిచిన గంటలోనే, తోటి సాధకుల్లో ఎవరు కునికిపాట్లు పడ్డారో ఎవరు నటించారో చర్చ మొదలైంది. ధ్యానం బాగా కుదిరినవారే ఆ చర్చలో ముందున్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో తూకాన్ని రెండో కొసకు పట్టుకెళ్లినవాడు అంబేడ్కర్. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది చేత ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గం ఉంది, పారమితలు (దానం, శీలం వంటి పరిపూర్ణ గుణాలు) ఉన్నాయి, దొంగతనం చేయను, అబద్ధమాడను, తాగను అన్నవి ఉన్నాయి. ధ్యానం ప్రత్యేకంగా లేదు. ఆయన మరణం తరువాత 1957లో వెలువడిన గ్రంథంలో ధమ్మం సామాజికమైనదని, ఒంటరి మనిషికి దాని అవసరం లేదని, ఇద్దరు మనుషులు ఉన్నచోట అది తప్పదని అంటాడు. మనిషిని మనిషి తాకనివ్వని సమాజం నుంచి వచ్చినవాడికి సమ్యక్ కర్మ అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. అష్టాంగాల్లో నడతకు చెందిన మూడు అంగాలను ఆధునిక కాలంలో ఆయనంత గట్టిగా పట్టుకున్నవారు లేరు. ఈ విషయంలో ఆయన వైపే నిలబడతాను.

ఆయనతో నాకు పేచీ ఒక్కచోటే. నిర్వాణమంటే ధర్మబద్ధమైన జీవితానికే మరో పేరు అన్నంత దూరం ఆయన వెళ్లాడు. అలా అయితే శీలం ఉండి కూడా నాకెందుకు దొరకలేదని పటాచార అడిగిన ప్రశ్నకు అర్థమే ఉండదు, ఆమెకు అప్పటికే దొరికినట్టు లెక్క. ఆమె అలా అనుకోలేదు. అంబేడ్కర్ అనుయాయులతో ఈ మాట అంటే, నిర్వాణం సంగతి తరువాత, ముందు బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వండి అంటారు. ఆ క్రమం సరైనదేనని ఒప్పుకుంటూనే, ఆ తరువాత ఏమిటి అని నేను అడుగుతూనే ఉంటాను.